ముఖం లేని బిళ్ళ

ఎక్కువ ధర పలికే తపాలా బిళ్ళ మీద ఏ బొమ్మ ఉండాలి? ఉత్తరాలే రాసుకోవడం మానేసిన ఈ రోజుల్లో ఇదొక ప్రశ్నేనా అని మీలో చాలామందికి అనిపించవచ్చు. స్టాంపులు సేకరించేవాళ్ళకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. దీని మీద వాళ్ళు చేసే వాదనలు వింటూ వింటూ నేను, మన సాహిత్య విమర్శలో పాతికేళ్ళుగా నలుగుతున్న ఒక చర్చ దగ్గరికి వచ్చి పడ్డాను. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

2012 డిసెంబర్ 1న అమెరికా తపాలా శాఖ నాలుగు బిళ్ళలు విడుదల చేసింది. విలువలు ఒకటి, రెండు, ఐదు, పది డాలర్లు. ఆ వరసకు 'వేవ్స్ ఆఫ్ కలర్' అని పేరు పెట్టారు. రంగుల అలలన్నమాట. వాటి మీద మనిషి లేడు, భవనం లేదు, పక్షి లేదు, జెండా లేదు. అలల్లాగా వంపులు తిరిగిన గీతలు, ధర చెప్పే అంకె, అంతే. మళ్ళీ 2022లో రెండు డాలర్లకు, ఐదు డాలర్లకు 'ఫ్లోరల్ జామెట్రీ' పేరుతో ఇంకో వరస తెచ్చారు. అవి పువ్వులని పేరు చెబితేనే తెలుస్తుంది. చూడడానికి ఒకదానిమీద ఒకటి పేర్చిన జ్యామితి ఆకారాలు.

నాకు స్టాంపులతో పరిచయం పరిశోధన వల్ల కలిగింది. నా పిహెచ్‌డి తెలుగు స్త్రీల పత్రికల్లో వచ్చిన ఉత్తరాల మీద. 1902లో మొదలైన 'హిందూసుందరి' నుంచి 1928లో మొదలైన 'గృహలక్ష్మి' దాకా ఉత్తరాల రూపంలో స్త్రీలు ఏం మాట్లాడారన్నది నా విషయం. అచ్చయిన ఉత్తరాలు గ్రంథాలయాల్లో దొరికాయి. అచ్చు కానివి, అంటే నిజంగా ఒక స్త్రీ ఇంకొక స్త్రీకి రాసుకున్నవి ఎక్కడ దొరుకుతాయని వెతుకుతుంటే, స్టాంపులు అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళమని ఒకరు సలహా ఇచ్చారు. వెళ్ళాను. పాత కవర్లు వందల కొద్దీ ఉన్నాయి. లోపల ఉత్తరాలు లేవు. బిళ్ళా, దాని మీద పడిన ముద్రా ఉంటే చాలు, కవరుకు ధర వస్తుంది. లోపలి కాగితం దండగ. నేను ఏ కాగితాల కోసం తిరుగుతున్నానో అవి ఏనాడో చిత్తుకాగితాల్లోకి పోయాయి. కానీ ఆ తిరుగుడులో హైదరాబాదు ప్రదర్శనల్లో కలిసే నలుగురైదుగురు సేకర్తలతో స్నేహం కుదిరింది. కవర్లు చూపిస్తారు, చాయ్ తాగిస్తారు, అడిగినా అడగకపోయినా అభిప్రాయాలు చెబుతారు.

ఒకనాడు వాళ్ళలో ఒకాయన ఈ రంగుల అలల బిళ్ళలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. "ఇది స్టాంపా, వాల్‌పేపరా?" అన్నారు. వాల్‌పేపర్ అనేది ఆ లోకంలో తిట్టు. సేకర్తల జేబులు కొట్టడానికి కుప్పలు తెప్పలుగా అచ్చేసి వదిలే, విలువ లేని బిళ్ళల్ని అలా అంటారు. ఆయన కోపానికి లెక్క కూడా ఉంది. నాలుగూ కలిపితే పద్ధెనిమిది డాలర్లు, అప్పటి రేటులో దాదాపు వెయ్యి రూపాయలు. "వెయ్యి రూపాయలు పెట్టి గీతలు కొనాలా? ఇంత విలువ వేసినప్పుడు దాని మీద అంత గొప్పదేదో ఉండొద్దా?"

పక్కనే ఉన్న ఇంజనీరు ఒప్పుకోలేదు. కరెన్సీ నోటు మీద సన్నని గీతల అల్లిక ఎందుకుంటుంది, దొంగనోటు కొట్టడం కష్టం కావడానికే కదా, ఎక్కువ ధర బిళ్ళకూ ఆ భద్రత కావాలి, కాబట్టి ఈ గీతల్లో ఒక నిజాయితీ ఉందన్నాడు. మూడో ఆయనది ఆల్బం సమస్య. ఆయన పక్షుల బిళ్ళలు సేకరిస్తాడు, తమ్ముడు రైళ్ళు సేకరిస్తాడు. "ఏ విషయమూ లేని బిళ్ళను ఏ పేజీలో అతికించాలి మేడం?" అని నన్నే అడిగాడు. అమ్మేటాయన మాత్రం నవ్వి, పది డాలర్ల బిళ్ళ పార్సిళ్ళ మీదే పోతుంది, ఆ అట్టపెట్టెలు చెత్తలోకి పోతాయి, మంచి ముద్రపడి వాడిన బిళ్ళకు రేపు గిరాకీ ఉంటుందన్నాడు.

ఆ గుంపులో స్త్రీ ఒక్కరే ఉన్నారు. పాఠశాలలో సైన్సు చెప్పి రిటైరైన టీచరు. ఆమె సేకరణ అంతా స్త్రీల ముఖాలున్న బిళ్ళలే. అందరూ మాట్లాడడం అయ్యాక ఆమె నెమ్మదిగా ఒక మాట అన్నారు. "ఇన్నేళ్ళూ రాజుల ముఖాలు వేసిండ్రు, మంత్రుల ముఖాలు వేసిండ్రు. ఇప్పుడిప్పుడే మన ఆడవాళ్ళ ముఖాలు వస్తున్నయి. ఇప్పుడేమో అసలు ముఖాలే వద్దంటరా?"

ఈ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఇది మనకు తెలిసిన మాటే. 1960ల చివర రోలా బార్త్ రచయిత మరణించాడని ప్రకటించినప్పుడు, అప్పుడప్పుడే తమ పేరుతో రాయడం మొదలుపెట్టిన వాళ్ళంతా ఆ మాటే అడిగారు. మేము రచయిత్రులం అయ్యేనాటికి రచయితే లేకుండా పోవడమేమిటని పశ్చిమ దేశాల స్త్రీవాదులు అడిగారు. మన దగ్గర దళిత, ముస్లిం, బహుజన స్త్రీలు అస్తిత్వం గురించి మాట్లాడినప్పుడు, అస్తిత్వాలన్నీ కల్పితాలేనని సెమినార్లలో జవాబు చెప్పినవాళ్ళనూ మనం విన్నాం. కాబట్టి టీచరుగారి అనుమానం స్టాంపులకే పరిమితం కాదు. నైరూప్యం ఎప్పుడు వస్తుంది, ఎవరి వంతు వచ్చేసరికి వస్తుంది అన్నది అసలు ప్రశ్న.

చరిత్ర చూస్తే బిళ్ళ మీద ముఖం లేకపోవడం కొత్త కాదు. 1840లో ఇంగ్లండు తొలి తపాలా బిళ్ళ మీద విక్టోరియా రాణి ముఖం వేసింది. మూడేళ్ళ తర్వాత 1843లో బ్రెజిల్ తన తొలి బిళ్ళలు తెచ్చినప్పుడు చక్రవర్తి ముఖం వేయలేదు. అల్లిక గీతల మధ్య పెద్ద అంకెలు మాత్రం వేసింది. చూడడానికి ఎద్దుకన్నులా ఉంటుందని సేకర్తలు వాటికి ఆ పేరే పెట్టుకున్నారు. చక్రవర్తి ముఖం మీద తపాలా గుమాస్తా నల్లముద్ర కొట్టడం అమర్యాద అని అలా చేశారంటారు. అంటే అక్కడ ముఖం లేకపోవడం గౌరవానికి గుర్తు.

మన నేల మీదా అదే జరిగింది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు సంస్థానానికి సొంత తపాలా ఉండేది. 1869లో వచ్చిన తొలి అణా బిళ్ళ మీద నిజాం ముఖం లేదు, లిపి ఉంది. ఆ వెంటనే వచ్చిన అర్ధణా, రెండణాల బిళ్ళలు మరీ సన్నని గీతలతో ఉంటాయని సేకర్తలు వాటిని అస్థిపంజరాలంటారు. 1871 నుంచి దశాబ్దాల పాటు నడిచిన బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ అక్షరాలు ఒకే గడిలో ఇరుక్కుని కూర్చుంటాయి. దూరం నుంచి చూస్తే అది రాత అని కూడా తెలియదు, ఒక అల్లిక అనుకుంటాం. 1931లో బొమ్మల వరస వచ్చినప్పుడు కూడా అణాకు చార్మినార్, ఎనిమిదణాలకు అజంతా గుహలు, రూపాయికి దౌలతాబాదు విజయద్వారం వేశారుగానీ నిజాంను వేయలేదు. 1950లో సంస్థానపు తపాలా భారత తపాలాలో కలిసిపోయేదాకా ఏలినవారి ముఖం బిళ్ళకెక్కకుండానే గడిచింది.

ఆ లిపి బిళ్ళల్ని సేకర్తలెవరూ వాల్‌పేపర్ అనరు. ఎంత కళ, ఎంత గాంభీర్యం అంటారు. నాకు అక్కడొక చిక్కు కనిపించింది. ఏలేవాడి ముఖం కనబడకపోతే అది మహిమ. అదే సంస్థానంలో అదే కాలంలో ఘోషాలో ఉన్న స్త్రీ ముఖం కనబడకపోతే అది మర్యాద. బయట పొలంలో వెట్టి చేస్తున్న స్త్రీ ముఖం కనబడుతూనే ఉన్నా ఎవరూ చూడకపోతే, దానికి అసలు పేరే లేదు. మూడు చోట్లా ముఖం లేదు, కానీ మూడూ ఒకటి కావు. కాబట్టి ముఖం ఉందా లేదా అన్న లెక్క ఒక్కటే చాలదు. దాన్ని దాచింది ఎవరు, ఎవరికోసం దాచారు అని కూడా అడగాలి.

ఇక ముఖాలు వేసిన చోట ఏం జరిగిందో చూద్దాం. స్వతంత్ర భారతంలో రోజువారీ వాడకానికి అచ్చేసిన వరసల్ని ధరల ప్రకారం పేర్చి చూశాను. బ్యాంకాయన ఆల్బం ఇచ్చి, ఆ మధ్యాహ్నమంతా ఓపికగా కూర్చున్నారు. 1955 నాటి పంచవర్ష ప్రణాళిక వరసలో రెండణాల బిళ్ళ మీద చరఖా తిప్పుతున్న స్త్రీ, మూడణాల బిళ్ళ మీద మగ్గం నేస్తున్న నాగా స్త్రీ ఉన్నారు. పది రూపాయల బిళ్ళ మీద ఉక్కు కర్మాగారం. 1965లో మొదలైన వరసలో పదిహేను పైసలకు తేయాకు కోత, ఐదు పైసలకు కుటుంబ నియంత్రణ, ఐదు రూపాయలకు భాక్రా ఆనకట్ట, పది రూపాయలకు ట్రాంబే అణు రియాక్టరు. 1979 తర్వాతి వరసలో ఇరవై పైసలకు బిడ్డకు తినిపిస్తున్న తల్లి, యాభై పైసలకు పాడి పనిలో ఉన్న స్త్రీ.

ఎవరో కూర్చుని కుట్రపన్ని ఇలా పేర్చారని నేను అనడం లేదు. చిన్న ధర బిళ్ళ పల్లెకు పోతుంది, కార్డు మీద, కవరు మీద అందరి చేతుల్లోనూ పడుతుంది. పల్లెకు చెప్పాల్సిన మాటలు దాని మీద వేస్తారు. పెద్ద ధర బిళ్ళ విదేశాలకు, పార్సిళ్ళకు పోతుంది. దేశం గొప్పతనం దాని మీద వేస్తారు. తర్కం సరిగ్గానే ఉంది. ఫలితం మాత్రం ఇది: స్త్రీ పైసల్లో ఉంది, ఉక్కు రూపాయల్లో ఉంది. "ఇంత విలువ వేసినప్పుడు అంత గొప్పది ఉండొద్దా" అన్న బ్యాంకాయన మాటలో గొప్పదంటే ఏమిటో ఈ ఆల్బమే చెబుతోంది.

ఒక మినహాయింపు ఉంది. 1965 వరసలోనే రూపాయి బిళ్ళ. దాని మీద మధ్యయుగపు శిల్పం, ఉత్తరం రాస్తున్న స్త్రీ. ఉత్తరాల మీద పరిశోధన చేసిన నాకు ఆ బిళ్ళ చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత అనుకున్నాను, స్త్రీ రూపాయి దాకా రావడానికి రాయి కావలసి వచ్చిందని. ఆ రాతి స్త్రీ రాసిన ఉత్తరంలో ఏముందో మనకు తెలియదు. పాత కవర్ల వాళ్ళు లోపలి కాగితం పారేసినట్టే శిల్పి కూడా అక్షరాలు చెక్కలేదు.

పేరున్న స్త్రీలు వేరే దారిలో వచ్చారు. స్మారక బిళ్ళలు అనేవి ఒక్కసారి అచ్చయి అయిపోతాయి. 1952లో సంతకవుల వరసలో మీరా, 1957లో ఝాన్సీ లక్ష్మీబాయి, 1964లో హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు, 1982లో దుర్గాబాయి దేశ్‌ముఖ్, 2011లో సావిత్రి. టీచరుగారి ఆల్బంలో ఇవన్నీ ఉన్నాయి. ప్రతి బిళ్ళ కిందా ఆమె స్వహస్తంతో నాలుగు వాక్యాలు రాసుకున్నారు. ఆ ఆల్బం ఒక చరిత్ర పుస్తకం. 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకాన్ని 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులు మొదటిసారి విన్నాం. అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో దొరకు ఎదురు తిరిగి తన కౌలు పంటను నిలబెట్టుకున్న చాకలి ఐలమ్మను, తుపాకి పట్టి దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యాన్ని, ఆరుట్ల కమలాదేవిని తలుచుకుంటే ఆ ముఖాలు ఎక్కడెక్కడ ఉండాలో అంతటా ఉండాలనిపిస్తుంది. రెండు రూపాయల స్మారక బిళ్ళ మీద ఒక్క రోజు కాదు, పది రూపాయల బిళ్ళ మీద ఏళ్ళ తరబడి. ఈ కోరిక నాకు బలంగా ఉంది. ఆమె వేసిన ప్రశ్న పక్కనే నేనూ నిలబడతాను.

అయినా ఆ అలల బిళ్ళల్ని నేను తోసిపుచ్చలేకపోయాను. దానికి కారణం మా అమ్మ.

మాది పుట్టపాక. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. ఇంట్లో మగ్గం ఉంది. నాన్న నేసేవాడు, అమ్మ ఆసు పోసేది. ఆసు అంటే తెలియనివాళ్ళకోసం చెబుతాను. చిటికి కట్టడానికి ముందు పేక నూలును లెక్కప్రకారం పరచాలి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి. నూలు పట్టుకున్న చెయ్యి ఈ మేకు నుంచి ఆ మేకులకు, మళ్ళీ వెనక్కి పోతూ వస్తూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలని లెక్క చెబుతారు. మేకుల మధ్య పరుచుకున్న ఆ పోగుల్ని గుర్తుల ప్రకారం రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. చివరికి మగ్గమెక్కినప్పుడు పోగు మీద పోగు పడి బొమ్మ తేలుతుంది. ఆసులో ఒక్క వరస తప్పితే చీరంతా తప్పుతుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడని, 1999లో అది పూర్తయిందని ఇప్పుడు అందరికీ తెలుసు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. మా ఇంటికి యంత్రం వచ్చేసరికి నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పటికే అమ్మ కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇప్పటికీ జడ వేసుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. నేత సంఘం పాసుపుస్తకం మాత్రం నాన్న పేరు మీదే ఉండేది. నేత కూలి నాన్నకు వచ్చేది. ఆసుకు విడిగా కూలి లేదు. "మీ అమ్మ ఏం చేస్తది?" అని బళ్ళో అడిగితే, "ఇంట్లనే ఉంటది" అని చెప్పమని అమ్మే నేర్పింది.

ఆ బిళ్ళల బొమ్మను పెద్దదిగా ప్రింటు తీసి ఒకసారి ఊరికి తీసుకెళ్ళాను. ఏమీ చెప్పకుండా అమ్మకు చూపించాను. ఇదేం బొమ్మ అని అమ్మ అడగలేదు. నాకు అది విచిత్రంగా తోచింది. ఇన్ని రోజులుగా చదువుకున్న మగవాళ్ళంతా మొదట అడిగిన ప్రశ్న అదే. అమ్మ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక గీత వెంట పోయి, "ఇది ఎవలు పోసిండ్రు బిడ్డా?" అంది.

"ఇది నేసింది కాదమ్మా, కంప్యూటర్ల గీసిండ్రు."

"అయితే ఏమాయె, ఎవలో ఒకలు గీయాలె గద." ఇంకాసేపు చూసి, "వంపు మంచిగ తిప్పిండ్రు. గిట్ల తిప్పాలంటే మనకు వందసార్లు చిటికి కట్టాలె" అంది.

అమ్మకు నైరూప్య చిత్రకళ అన్న మాట తెలియదు. కానీ గళ్ళు, డైమండ్లు, మెట్లుమెట్లుగా దిగే అంచులు చూసి అవి దేని బొమ్మలని అడిగే అలవాటు ఆమె లోకంలో లేదు. వాకిట్లో చుక్కల ముగ్గు చూసి ఏ ఆడమనిషీ ఆ ప్రశ్న అడగదు. చుక్కలు ఎన్ని, ఎక్కడ మొదలుపెట్టావు అని అడుగుతుంది. అంటే ఎట్లా చేశావు, ఎవరు చేశారు అని. ఏముంది అన్న ప్రశ్న చూసేవాడిది. ఎవరు చేశారన్న ప్రశ్న చేసేవాళ్ళది.

మా ఊరి తేలియా రుమాళ్ళ కథ కూడా ఇదే చెబుతుంది. ఈ నేత చీరాల నుంచి వచ్చింది. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసే ఈ రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు వెళ్ళేవి. వాటి మీద ఎక్కువగా జ్యామితి ఆకారాలే ఉండేవి. తర్వాత్తర్వాత కాలం మారిన కొద్దీ గడియారాలు, విమానాలు, ఏనుగులు కూడా చేరాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ ఉన్న రుమాలు గొప్పదా, లేనిది గొప్పదా అన్న వాదన నేతగాళ్ళలో నేనెప్పుడూ వినలేదు. ఏది కష్టం, ఏది సాఫుగా వచ్చింది అన్న మాటే విన్నాను.

ఇక్కడ నాకు వాల్‌పేపర్ అన్న తిట్టు మళ్ళీ గుర్తొచ్చింది. స్టాంపుల సేకరణ చరిత్ర రాసినవాళ్ళంతా ఒక పాత ప్రకటనను సరదాగా ఉదహరిస్తారు. 1841లో లండన్ టైమ్స్ పత్రికలో ఒక యువతి, తన అలంకరణ గది గోడలన్నీ వాడేసిన తపాలా బిళ్ళలతో కప్పదలుచుకున్నాననీ, బిళ్ళలు పంపమనీ కోరింది. తొలి బిళ్ళ పుట్టి అప్పటికి ఏడాదే అయింది. కాలక్రమంలో చూస్తే ఆమె తొలితరం సేకర్త. కానీ చరిత్రకారులు ఆమెను ముందుమాటలో నవ్వుకోవడానికి వాడుకుని, అసలు సేకరణ ఆల్బంలతో, వర్గీకరణతో, మగవాళ్ళతో మొదలైందంటారు. ఆమె పేరు కూడా మిగల్లేదు.

ఆ గోడను ఊహించుకుంటాను. ఒకే రాణి ముఖం వేలసార్లు. ఒక్కో బిళ్ళా విడిగా చూస్తే చిత్తరువు. గోడంతా కలిపి చూస్తే నలుపు, ఎరుపు గళ్ళ అల్లిక. రాజ్యం ముఖంగా ముద్రించి పంపినదాన్ని ఆ అమ్మాయి తన గదిలో డిజైనుగా మార్చుకుంది. వందల మంది చేతుల మీదుగా వచ్చిన చిత్తుముక్కల్ని ఏరి, అతికి, ఒక కొత్త వస్తువు చేసింది. ఇది మన బొంతలు కుట్టే ఆడవాళ్ళకు తెలిసిన పని. దీన్ని కళ అనకుండా అలంకారం అన్నారు. ముగ్గునూ నేతనూ బొంతనూ కూడా అలంకారమే అన్నారు. అదే పని మగవాళ్ళు కాన్వాసు మీద చేసినప్పుడు నైరూప్యం అన్నారు. 1982లో మన తపాలా శాఖ పికాసో శతజయంతికి ఆయన 'ముగ్గురు సంగీతకారులు' చిత్రాన్ని బిళ్ళగా వేసింది. మనుషుల్ని ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టిన ఆ చిత్రాన్ని బ్యాంకాయన ప్రత్యేకంగా ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకున్నారు. గీసినవాడి పేరు ఉంది కాబట్టి అది వాల్‌పేపర్ కాలేదు.

ఇలా తిరిగి తిరిగి నేను చేరిన చోటు ఇది. మన ముఖాలు కావాలని అడగడం న్యాయం. పైసల నుంచి రూపాయల దాకా, స్మారకం నుంచి నిత్యవాడకం దాకా అడగాలి. కానీ ముఖం ఒక్కటే గుర్తింపు అనుకుంటే, అమ్మలాంటి వాళ్ళకు ఎప్పటికీ చోటు దొరకదు. బిళ్ళ మీద పడేంత ఘనకార్యం ఆమె జీవితంలో ఏదీ జరగలేదు. ఆమె చేసింది ముప్పై ఏళ్ళు చెయ్యి ఆడించడం. ఆ పనికి చిత్తరువు వేస్తే ఏమొస్తుంది? 1980లో రెండు రూపాయల బిళ్ళ మీద చేనేత వేశారు. మగ్గం ఉంది. ఆసు లేదు. మగ్గం దగ్గర మనిషిని చూపించే ఏ బొమ్మలోనూ ఆసు ఉండదు, అది వెనకింట్లో జరిగే పని కనుక. ఆసు కనబడేది ఒక్క చోటే, చీర మీది గీతలో. ఆ గీతే ఆమె చిత్తరువు. అందుకే ఎక్కువ ధర బిళ్ళ మీద వట్టి డిజైను వేస్తే, అది పుట్టపాక అంచు అయితే, నాకు అభ్యంతరం లేదు. నైరూప్యం మనల్ని తుడిచేస్తుందన్న భయం, ఆ గీత వెనక ఎవరున్నారో చెప్పనంత కాలమే నిజం.

అమెరికా అలల బిళ్ళలకు ఆ పేరుంది. గీసింది మైకేల్ డైయర్, కళా దర్శకుడు ఆంటోనియో అల్కలా. ఎవరైనా తెలుసుకోవచ్చు. మన దగ్గర కూడా స్మారక బిళ్ళతో పాటు తపాలా శాఖ ఒక వివరణ పత్రం వేస్తుంది. దాంట్లో బిళ్ళకు, కవరుకు, ముద్రకు డిజైను చేసినవారి పేర్లుంటాయి. చీరకు అలాంటి పత్రం లేదు. షాపులో చీర కొన్నప్పుడు పోచంపల్లి అనో పుట్టపాక అనో ఊరి పేరు చెబుతారు, పెద్ద నేతగాడైతే ఆయన పేరు చెబుతారు. ఆసు పోసినామె పేరు, చిటికి కట్టినామె పేరు ఎక్కడా ఉండదు.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో బార్‌కోడు చీటీ అతికిస్తున్నారు, పెద్ద ధర బిళ్ళ అడిగితే గుమాస్తా సొరుగు వెతుక్కుంటున్నాడు. ఈ వాదనంతా ఎవరికోసమని టీచరుగారిని అడిగాను. "వాడకం తగ్గినప్పుడే గదమ్మా, ఏం వేసినా ఎవరూ అడ్డం రారు. అడగాల్సింది ఇప్పుడే" అన్నారు. స్మారక బిళ్ళలకు ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. మేమిద్దరం కలిసి రెండు ప్రతిపాదనలు రాస్తున్నాం. ఒకటి ఐలమ్మ ముఖంతో, ఆమె కోసం. రెండోది ముఖం లేకుండా, ఒక చీర అంచుతో. రెండోదానికి వివరణ పత్రం నమూనా నేను రాశాను. నేత అన్న చోట నాన్న పేరు రాశాను. దాని పైన, ఆసు అని ఒక వరస చేర్చి, అమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాను.